మా అన్న వెన్నులో నా కడ్డీలు

నేను వస్తువుల్ని విరగ్గొట్టి జీతం తీసుకునే మనిషిని. ఈ మాట చెబితే జనం నవ్వుతారు గానీ ఇందులో అబద్ధం లేదు. కొడవలూరు దాటాక హైవే పక్కన మా ఫ్యాక్టరీ ఉంది. వెన్ను విరిగినవాళ్ళకు ఆపరేషన్ చేసి బిగించే స్క్రూలూ కడ్డీలూ అక్కడ తయారవుతాయి. వాటిని కంప్యూటర్ మీద గీసేది నేను. గీసి, చేయించి, మిషన్‌కు కట్టి, విరిగేదాకా చావగొట్టేదీ నేనే. ఎక్కడ పగులు పుట్టింది, ఎటు పాకింది, ఎలా తెగింది, అన్నీ దగ్గరుండి చూడాలి. ఎక్కడ విరుగుతుందో తెలియని కడ్డీని నేను మనిషి ఒంట్లోకి పంపను.

స్క్రూ ఎముకను ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూడాలంటే నిజమైన ఎముక కావాలి. అందుకని వారానికోసారి మాంసం కొట్టుకు వెళ్ళి పొట్టేలు వెన్ను తెచ్చుకునేదాన్ని. నెల్లూరు పొట్టేలు కదా, పూసలు బలంగా ఉంటాయి. "ఏంది మేడం, వారం వారం వెన్నే అడగతారు, పులుసంటే బో ఇష్టమా?" అన్నాడు కొట్టాయన ఒకసారి. "పులుసుక్కాదన్నా, మేకులు దించి పెరికేదానికి" అన్నాను. ఆయన కత్తి పట్టుకునే నన్ను ఎగాదిగా చూశాడు. ఆ తర్వాత ఎప్పుడూ నాతో సరసాలాడలేదు.

ఆపరేషన్ కూడా మెత్తటి వ్యవహారం కాదు. కొత్త పనిముట్లు వాడేటప్పుడు డాక్టరు పక్కన కంపెనీ మనిషి ఒకరు నిలబడాలి, అలా నేను చాలా చూశాను. వీపు నిలువునా కోస్తారు. కండను ఎముక మీద నుంచి గీకి పక్కకు లాగి కొక్కేలతో పట్టి ఉంచుతారు. విరిగిన పూసకు పైనా కిందా ఉన్న మంచి పూసల్లో స్క్రూలు దించి, వాటి తలల్లో రెండు వైపులా కడ్డీలు పడుకోబెట్టి, పైన మరలు బిగిస్తారు. నెత్తురు ఆగడానికి కరెంటుతో కాలుస్తారు, ఆ వాసన ముక్కులో రెండు రోజులుంటుంది. ఇంత చేసినా కడ్డీ శాశ్వతం కాదు. లోపల ఎముక అతుక్కునేదాకా కాపలా కాయడమే దాని పని. ఎముక అతుక్కోకుండా మనిషి ఊరికే మెలితిరుగుతూ ఉంటే, టైటానియమైనా మరేదైనా ఒకరోజు తెగుతుంది. అదీ ఒక్క పెద్ద దెబ్బకు కాదు, లెక్కలేనన్ని చిన్న దెబ్బలకు. ఇది నేను రోజూ కళ్ళారా చూసే సంగతి.

మాది సముద్రం ఒడ్డు ఊరు. మా ఇంట్లో నేనొక్కదాన్నే ఇనుము వైపు వచ్చాను, మా అన్న నాన్నలాగే వేటకు పోయేవాడు. మా ఊరికీ పక్క ఊరికీ మధ్య ఒక కాలువ సముద్రంలో కలుస్తుంది. ఆ మొగ దగ్గర చేప బాగా పడుతుంది. పిల్ల చేపను కూడా ఊడ్చేసే సన్నకన్ను వలలు అక్కడ వేయకూడదని రెండు ఊళ్ళ పెద్దలూ కలిసి దురాయి వేశారు. దురాయి అంటే ఊరి కట్టుబాటు, దాన్ని దాటితే కలెక్టరు వచ్చినా కాపాడలేడు. పక్క ఊరి పడవ ఒకటి ఆ వల వేసింది. మా అన్న పడవేసుకుపోయి ఆ వల కోసేశాడు. కోసి ఊరుకుంటేనా? వాళ్ళ అమ్మల్నీ అక్కల్నీ కూడా ఏకి వదిలాడు. ఆ పడవలోని కుర్రకుంక ఒకడు తెడ్డెత్తి వెనక నుంచి నడుం మీద వేశాడు. అన్న కాలు జారి వెల్లకిలా పడవ అంచు మీద పడ్డాడు.

వదిన ఫోన్ చేసినప్పుడు నేను మిషన్ దగ్గరే ఉన్నాను. "మీ అన్నను కొట్టినారు మ్మే, కాళ్ళు ఎత్తలేకుండా ఉండాడు, నాకేం తోచడంలా" అని ఏడ్చింది. నేను చేతిలో ఉన్న పానా గోడకేసి కొట్టాను. పెచ్చు ఊడింది. ఆ గుంట ఇప్పటికీ అలాగే ఉంది, ఎవరూ పూడ్చలేదు.

నెల్లూరులో డాక్టరు గారు నన్ను బాగా ఎరుగుదురు. "నీ అన్న వీపు నువ్వు చూడొద్దమ్మా, బయట కూర్చో" అన్నారు. "నా సామాను లోపలికి పోతా ఉంటే నేను బయట కూర్చోలేను సార్" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, చివరికి ఒప్పుకున్నారు. నడుము పైన ఒక పూస నుజ్జయింది. ముక్క ఒకటి వెనక్కి వచ్చి వెన్నుపామును నొక్కుతోంది. అన్న నడుము ఒంపుకు సరిపడా కడ్డీని వంచాలి. డాక్టరు గారు వంచే పనిముట్టు చేతికి తీసుకోగానే నా నోరు ఊరుకోలేదు. "ఒక్కసారే వంచండి సార్. ఎక్కువైందని మళ్ళీ వెనక్కి తిప్పొద్దు. వంచిన చోటే అది బలహీనపడేది." మాస్కు వెనక నుంచి ఆయన కసిరారు. "నాకు పని నేర్పుతావా?" అన్నారు గానీ ఒక్కసారే వంచారు, ముచ్చటగా వంచారు. మరలు బిగిసేటప్పుడు వచ్చే చప్పుడు నాకు కొత్తేం కాదు. ఆరోజు మాత్రం ప్రతి చప్పుడుకీ నా పళ్ళు కరుచుకున్నాయి.

మర్నాడు అన్న కాలి బొటనవేళ్ళు కదిలాయి. వదిన ఆ వేళ్ళు పట్టుకుని వదల్లేదు. నేను బాత్‌రూంలోకి పోయి కొళాయి తిప్పి గట్టిగా ఏడ్చాను. నెలలు గడిచేసరికి అన్న కర్ర పట్టుకుని లేచాడు, ఆ తర్వాత కర్ర లేకుండా నడిచాడు. డాక్టరు గారు చెప్పింది ఒకటే మాట, వంగొద్దు, బరువెత్తొద్దు, నడుము మెలితిప్పొద్దు, ఎముక అతికిందని నేను చెప్పేదాకా బెల్టు తీయొద్దు. అన్న బడిపిల్లాడిలా తల ఊపాడు. అంత బుద్ధిగా ఊపినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మా వైపు ఒక పాత పద్ధతి ఉంది, చెల్లుదెబ్బ అంటారు. తగాదాలో ఎవడైనా దెబ్బ తింటే పోలీసు దాకా పోరు. దెబ్బ తిన్నవాడు లేచి నిలబడ్డాక, రెండు ఊళ్ళ ఎదుట, కొట్టినవాణ్ణి అదే వస్తువుతో, ఒంటి మీద అదే చోట ఒక్కసారి కొడతాడు. దాంతో చెల్లు. అప్పటిదాకా ఆ తగాదా జరిగిన చోట రెండు ఊళ్ళూ వల వేయకూడదు. చాలామంది ఊరికే తాకించి నవ్వేసి, కొట్టినవాడి భుజం మీద చెయ్యేసి ఇంటికి పోతారు. మా అన్న అలా పోయే రకం కాదు. మంచంలో ఉన్నన్నాళ్ళూ ఆయన ఆ దెబ్బ కోసమే అన్నం తిన్నాడు.

ఊరు కూడా దానికోసమే కాచుకుని ఉంది. మొగ దగ్గర వేట ఆగిపోయి ఇళ్ళల్లో పొయ్యిలు సరిగా వెలగడం లేదు. నేను ఊళ్ళోకి పోతే చాలు, "ఏం మే, మీ అన్న ఎప్పుడు కొడతాడు?" అని అడిగేవాళ్ళే. బాగున్నాడా అని అడిగినవాడు ఒక్కడు లేడు. నేను పెద్దకాపు దగ్గరికి పోయాను. ఊరికి పెద్ద ఆయనే. "వాడికి ఏదన్నా జరిమానా వేసి వదిలేయండి పెద్దాయనా, ఈ దెబ్బ వద్దు, మా అన్న వెన్ను ఇంకా అతకలేదు" అని బతిమాలాను. ఆయన చుట్ట పక్కనపెట్టి చెప్పాడు. "దెబ్బ నీదీ కాదు, నాదీ కాదు తల్లీ, వాడిది. నాకొద్దు అని వాడొక్క మాట అంటే ఈ నిమిషాన చెల్లు. పోయి వాణ్ణే అడుగు."

ఒక సంగతి దాచి ఏం లాభం? నాకూ ఆ కుంకను కొట్టాలనే ఉంది. వాడి పేరు వింటే ఒళ్ళు మండేది. మిషన్ మీద కడ్డీలు విరుగుతుంటే వాటిలో వాడి వెన్నే విరుగుతున్నట్టు ఊహించుకుని సంతోషపడ్డ రోజులున్నాయి. ఏ పూస మీద ఎంత బలంతో కొడితే మనిషి మళ్ళీ లేవడో నాకు తెలిసినంతగా మా జిల్లాలో ఎవరికీ తెలియదేమో. కానీ ఆ దెబ్బ కొట్టాల్సింది మా అన్న. తెడ్డు గుండ్రంగా తిప్పి కొట్టాలంటే నడుము మెలితిరగాలి. నా కడ్డీకి అదే పడదు.

మిషన్ మీద విరిగిన కడ్డీ ఒకటి సంచిలో వేసుకుని అన్న దగ్గరికి పోయాను. ఇంటి ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రెండు ముక్కలూ ఒళ్ళో పడేశాను.

"చూడు. ఇది నీ ఒంట్లో ఉండే రకమే. ఊరికే అటూ ఇటూ ఆడించి ఆడించి తెంచినా."

"అది మిషన్ మే. నేను మనిషిని" అన్నాడు.

"మనిషివి కాబట్టే చెప్తాండా. మిషన్‌లో విరిగితే ఇంకోటి బిగిస్తా. నీకు విరిగితే కాళ్ళు పోతాయి. రెండో మాట లేదు, కాళ్ళు పోతాయి."

"కొట్టకుండా వదిలేస్తే ఆ కాళ్ళేసుకొని యాడికి పోమంటావు? ఎవురి ముందర నడవమంటావు?"

కృష్ణపట్నం పోర్టులో గేటు దగ్గర కూర్చునే ఉద్యోగం మాట్లాడి ఉంచానని చెప్పాను. కంపెనీ వ్యాను ఇంటి దగ్గరికే వస్తుందన్నాను. ఆయన రెండు ముక్కలూ నా చేతిలో పెట్టేశాడు. "కూర్చోబెట్టేదానికా నన్ను లేపింది? ఆ మాట ముందే చెప్పుంటే పండుకొనే ఉండేవాణ్ణి గదా."

నీ మొహం మండ అని తిట్టి వచ్చేశాను. దారంతా ఎంత తిట్టుకున్నానో నాకే తెలియదు.

కొన్నాళ్ళకు వదిన మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి ఏడవలేదు, గుసగుసగా మాట్లాడింది. "తెల్లారేసరికి నడకకని పోతాండాడు మ్మే. వచ్చేటప్పుడు చేతులు బొబ్బలు. నడిస్తే చేతులు బొబ్బలెక్కతాయా?" మర్నాడు పొద్దున్నే బయల్దేరి సరుగుడు తోటలోకి పోయాను. అన్న అక్కడే ఉన్నాడు. బెల్టు ఒక కొమ్మకు వేలాడుతోంది. రెండు చేతులతో తెడ్డు పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, చెట్టు మొదలును కొడుతున్నాడు. సరిగ్గా మనిషి నడుమంత ఎత్తులో బెరడంతా ఊడి, లోపలి చెక్క ఎర్రగా కనబడుతోంది. అది ఒకరోజు పని కాదు. నా మిషన్ చేసే పని ఆయన అక్కడ రోజూ చేస్తున్నాడు, నా కడ్డీల మీద.

నాకు కోపం నషాళానికి ఎక్కింది. తెడ్డు లాక్కుని అదే చెట్టుకేసి బాదాను. చేతులు జివ్వుమన్నా ఆపలేదు. తెడ్డు నిలువునా చీలి రెండయ్యేదాకా బాదాను. అన్న నడుము మీద చేతులు పెట్టుకుని చూసి చూసి పకపకా నవ్వాడు. "అబ్బో, నాకన్నా నువ్వే గట్టిగా కొడతాండావే!" అన్నాడు. నవ్వొచ్చి, ఏడుపొచ్చి, ఇసకలో కూలబడ్డాను. ఆయనకు ఇంకో తెడ్డు దొరకడం ఎంతసేపు?

కారెక్కించి డాక్టరు గారి దగ్గరికి తీసుకుపోయాను. ఎక్స్‌రేలో స్క్రూలు గట్టిగానే ఉన్నాయి, కడ్డీలు నిటారుగానే ఉన్నాయి. ఎముక మాత్రం అతకలేదు. డాక్టరు గారు గట్టిగానే చీవాట్లు పెట్టారు. కడ్డీలో పుట్టిన సన్నటి పగులు ఎక్స్‌రేలో కనబడదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కడ్డీ బాగుందని విన్న అన్న మాత్రం తిరుగు దారిలో ఈల వేశాడు. ఊళ్ళో దిగగానే పెద్దకాపు ఇంటికి పోయి చెల్లుదెబ్బకు రోజు పెట్టించాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా బతుకు.

పెట్టిన రోజు పొద్దున పోటు తీసి ఒడ్డు వెడల్పుగా బయటపడింది. రెండు ఊళ్ళూ అటూ ఇటూ నిలబడ్డాయి. కొట్టినవాడు చొక్కా విప్పి వచ్చాడు. ఇన్నాళ్ళూ వాణ్ణి రాక్షసుడిలా ఊహించుకున్నాను, తీరా చూస్తే బక్కపీచు మనిషి, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పడవ అంచు రెండు చేతులతో పట్టుకుని వంగి నిలబడ్డాడు. వాడి తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. అన్న బెల్టు విప్పి వదిన చేతికిచ్చాడు. "కట్టుకొనే కొట్టు, నీ కాళ్ళు పట్టుకుంటా" అని వదిన అంటే, "బెల్టు కట్టుకొని కొడితే నవ్వుతారు" అన్నాడు.

నేను ఆయన పక్కకు పోయి చెవిలో చెప్పాను. "అన్నా, నడుము తిప్పొద్దు. భుజాలతో తాకించి వదిలేయ్. నీకు దండం పెడతా."

"సరే మే" అన్నాడు. నా తల మీద చెయ్యి పెట్టాడు కూడా.

ఆ తర్వాత కాళ్ళు ఎడంగా పెట్టి, తెడ్డు వెనక్కి తీసి, ఒళ్ళంతా మెలితిప్పి కొట్టాడు. తెడ్డు సగం దారిలోనే వాలిపోయింది. దాని అంచు వాడి భుజాన్ని గీరుకుని ఇసకలో పడింది. మిషన్ మీద తెగేటప్పుడు వచ్చే చప్పుడు నాకు వినపడిందా, అలల హోరులో నేనే విన్నాననుకున్నానా, ఇప్పటికీ చెప్పలేను. అన్న మొహం మాత్రం చూశాను. ఏదో గుర్తు తెచ్చుకుంటున్న మనిషిలా పెట్టాడు మొహం. "మే, లోపల ఏందో తెగింది" అన్నాడు. మోకాళ్ళు మడతపడి వెల్లకిలా పడిపోయాడు.

వెనకున్న జనానికి ఇదేం కనపడలేదు. తెడ్డు లేచింది, పడింది, అంతే వాళ్ళు చూసింది. "చెల్లు! చెల్లు!" అని రెండు ఊళ్ళూ కేకలేశాయి. ఈలలు, చప్పట్లు. పడవ పట్టుకున్నవాడు ఇంకా కళ్ళు గట్టిగా మూసుకుని దెబ్బ కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు. అయిపోయిందని వాడికి తెలియలేదు.

నలుగురు వచ్చి అన్నను చంకల కింద పట్టి లేపబోయారు. నేను తెడ్డు తీసుకుని వాళ్ళ మీదికి ఎత్తాను. "ముట్టుకుంటే చంపేస్తా! ఎవురూ ముట్టుకోవద్దు! పలక తీసుకురండి!" అని అరిచాను. కళ్ళు తెరిచిన వాడే, ఆ బక్కవాడే, పడవలోని చెక్కపలక ఊడబెరుక్కుని పరుగెత్తుకొచ్చాడు. నేను ఎలా పట్టుకోమంటే అలా పట్టుకున్నాడు. అన్నను కదలకుండా పలక మీదికి జరిపి, ఊళ్ళో చేపలు తోలే వ్యాను ఎక్కించాం. కోవూరు దాటి పెన్న వంతెన ఎక్కి ఆసుపత్రి చేరేదాకా, గుంత వచ్చినప్పుడల్లా వాడు అన్న నడుమును రెండు చేతులతో అదిమిపట్టి కూర్చున్నాడు. అన్న అప్పటికే నొప్పికి స్పృహ తప్పాడు, ఆ చేతులు ఎవరివో ఆయనకు తెలియదు. వాణ్ణి వ్యాను లోంచి తోసేయాలని ఒక పక్క, వాడు చేతులు తీస్తే ఎలా అని ఒక పక్క, నాకు పిచ్చెక్కినట్టయింది.

డాక్టరు గారు ఈసారి నన్ను బయట ఉండమనలేదు. పాత కోతే మళ్ళీ తెరిచారు. ఎడమ కడ్డీ తెగి ఉంది, సరిగ్గా వంచిన చోట. ఆ బరువంతా మీద పడి కుడివైపు స్క్రూ ఎముకను చీల్చుకుని బయటికొచ్చింది. విరిగిన ముక్కలు ట్రేలో పడ్డాయి. పాత స్క్రూలు పెరికి, లావు స్క్రూలు దించి, లావు కడ్డీలు బిగించారు. బిగింపు రాయిలా కుదిరింది. ఆ బిగింపును నేను చచ్చేదాకా తప్పుపట్టలేను. వెన్నుపాము మాత్రం నలిగిపోయింది. దాన్ని బిగించే స్క్రూ నేను గీయలేదు, ఎవరూ గీయలేదు. "ఆశ పెట్టుకోవద్దమ్మా" అన్నారు డాక్టరు గారు, చేతులు కడుక్కుంటూ.

అన్నకు తెలివి వచ్చేసరికి మంచం పక్కన నేనున్నాను. వదిన కాళ్ళ దగ్గర కూర్చుని బొటనవేళ్ళు పట్టుకుని ఉంది. ఆయనకు ఆ పట్టు తెలియడం లేదు. కాళ్ళ గురించి ఒక్క మాట అడగలేదు. పెదాలు తడుపుకుని నా వైపు చూశాడు.

"గట్టిగా తగిలిందా మే వాడికి?"

"తగిలింది."

"లేచినాడా?"

"లేవలా అన్నా. వాళ్ళోళ్ళు ఎత్తుకోని పోయినారు. ఇంక వాడు లేవడంట."

వదిన నా మొహంలోకి చూసి తల దించుకుంది. అన్న కళ్ళు మూసుకుని హాయిగా ఊపిరి వదిలాడు. "అయితే చెల్లు" అన్నాడు. దెబ్బ తిన్న రోజు నుంచీ ఆయన మొహంలో అంత ప్రశాంతత నేను చూడలేదు.

బయటికొస్తే వాడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో కాఫీ ఫ్లాస్కు. భుజం మీద గీత తప్ప ఒంటి మీద ఇంకేం లేదు. నన్ను చూడగానే నిటారుగా నిలబడ్డాడు.

"అన్నకు ఎట్టుంది అక్కా? నేను లోపలికి పోయి కాళ్ళు పట్టుకుంటా. ఒక్కసారి పోనీ."

"ఈ గడప తొక్కొద్దు" అన్నాను. "మా ఊరికి రావద్దు. మొగ దగ్గరికి రావద్దు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆయన కంట పడొద్దు."

"చెల్లయింది గదక్కా. ఇంక నేనేం చేసినా?"

"నువ్వు నడస్తాండావు" అన్నాను.

వాడికి అర్థమైందో లేదో. ఫ్లాస్కు నా చేతిలో పెట్టి, వరండా చివరిదాకా నడిచి మెట్లు దిగిపోయాడు. నేను నిలబడి వాడి వీపునే చూశాను. ఏ వంకా లేకుండా చక్కగా ఉంది.